తొలి బౌటే ప్రపంచ టైటిల్ కోసం!

ఒలింపిక్ పతకం మెడలో పడ్డాక అమెచ్యూర్ బాక్సర్ ప్రొఫెషనల్ రింగ్‌లోకి ఎప్పుడు దిగాలి? అమెరికన్ పీట్ రాడమాకర్ అంత తొందరపడినవాళ్లు హెవీవెయిట్‌లో మరొకరు లేరు. 1956 మెల్‌బోర్న్‌లో పసిడి గెలిచాడు. 1957 ఆగస్టు 22న సియాటెల్‌లో తొలి ప్రొఫెషనల్ బౌట్. ఎదురుగా ఎవరనుకున్నారు? సాక్షాత్తూ ప్రపంచ చాంపియన్ ఫ్లాయిడ్ ప్యాటర్సన్! రెండో రౌండ్‌లో చాంపియన్‌నే కింద పడేశాడు కూడా. ఆ ముచ్చట అక్కడితో సరి. ప్యాటర్సన్ లేచి, అతణ్ని మళ్లీ మళ్లీ పడగొట్టి ఆరో రౌండ్‌లో నాకౌట్ చేశాడు.

ఇంతకంటే పెద్ద వింత ఉక్రెయిన్ బాక్సర్ వాసిల్ లొమచెంకోది. బీజింగ్, లండన్ ఒలింపిక్స్‌లో రెండు పసిడి పతకాలు. అమెచ్యూర్ లెక్క 396 గెలుపులు, ఒకే ఒక్క ఓటమి. అంత పేరున్నవాడు 2013లో ప్రొఫెషనల్ అయ్యి, రెండో బౌట్‌కే ప్రపంచ టైటిల్ అడిగాడు. 2014 మార్చిలో శాన్ ఆంటోనియోలో ఎదురుపడింది అప్పటి చాంపియన్, మెక్సికో బాక్సర్ ఒర్లాండో సాలిదో. 15 ఏళ్లకే ప్రొఫెషనల్ రింగ్ ఎక్కినవాడు, అప్పటికే 12 సార్లు ఓడినవాడు. పైగా తూకంలో కిలో దాకా ఎక్కువ తూగి, బౌట్‌కి ముందే బెల్టు పోగొట్టుకున్నాడు. అయినా సగం బౌట్ అతనిదే. మీదపడి, పొట్టమీద గుద్దుతూ, నడుము కింద కూడా తగిలిస్తూ కుర్రాణ్ని నలిపేశాడు. రెఫరీ ఒక్క పాయింటూ కోయలేదు. పన్నెండో రౌండ్‌లో లొమచెంకో విరుచుకుపడితే సాలిదో తూలాడు గానీ, అప్పటికే ఆలస్యమైంది. స్ప్లిట్ డెసిషన్ సాలిదోకే దక్కింది. అమెచ్యూర్ బౌట్ అంటే మూడు రౌండ్లు, తొమ్మిది నిమిషాలు. ఇక్కడ 36 నిమిషాలు. నన్నడిగితే, ఎన్ని గెలిచాడన్నది కాదు, ఇలాంటి మొండిఘటాలతో ఎన్ని రౌండ్లు నలిగాడన్నదే చూడాలి. లొమచెంకో ఆ పాఠం ఒక్క రాత్రిలో వంటబట్టించుకున్నాడు. మూడో బౌట్‌లోనే ప్రపంచ చాంపియన్ అయ్యి, 1975లో థాయ్‌లాండ్ వీరుడు సేన్‌సాక్ ముయాంగ్‌సురిన్ నెలకొల్పిన రికార్డును సమం చేశాడు.

తొందరపాటు అందరికీ బెడిసికొట్టదు. ప్యూర్టోరికో బాక్సర్ విల్‌ఫ్రెడ్ బెనిటెజ్ 15 ఏళ్లకు ప్రొఫెషనల్ అయ్యి, 1976లో 17 ఏళ్లకే ప్రపంచ చాంపియన్ అయ్యాడు. ఆ రికార్డు ఇప్పటికీ చెక్కుచెదరలేదు.

మరి ఆలస్యమైతే? హంగరీకి చెందిన లాస్లో పాప్ వరసగా మూడు ఒలింపిక్స్‌లో పసిడి కొట్టాక, 1957లో 31 ఏళ్ల వయసులో ప్రొఫెషనల్ అయ్యాడు. 29 బౌట్లలో 27 గెలుపులు, 2 డ్రాలు. ఓటమే లేదు! తీరా ప్రపంచ టైటిల్ అందేంత దూరంలో ఉండగా హంగరీ ప్రభుత్వం అనుమతి వెనక్కి తీసుకుంది. వయసు కాదు, సర్కారే అడ్డుపడింది. బ్రెజిల్ బాక్సర్ రాబ్సన్ కాన్సెసావ్‌కి ఆ బెడద లేదు కాబట్టి, 28 ఏళ్లకు ప్రొఫెషనల్ అయినా, మూడుసార్లు టైటిల్ చేజారినా, 2024లో 35 ఏళ్ల వయసులో నాలుగో ప్రయత్నంలో బెల్టు కట్టాడు. నాలుగు నెలలకే మళ్లీ పోగొట్టుకున్నాడనుకోండి, అది వేరే సంగతి.

మన దేశంలో ఒలింపిక్ బాక్సింగ్ పతకం తొలిసారి తెచ్చిన విజేందర్ సింగ్ 2015లో, 30వ పడి అంచున మాంచెస్టర్‌లో ప్రొఫెషనల్‌గా అరంగేట్రం చేశాడు. వరసగా 12 గెలిచాక, 2021లో గోవాలో ఓ క్యాసినో ఓడ మీద తొలి ఓటమి చవిచూశాడు. ఓడ మీద ఓడటం! ఇక మన నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ సంగతి వేరు: 2022లో ఇస్తాంబుల్‌లో, మరుసటేడు ఢిల్లీలో గెలిచిన ప్రపంచ టైటిళ్లు రెండూ అమెచ్యూర్ రింగ్‌లోవే.

ప్రొఫెషనల్ అయ్యాక ఒలింపిక్స్‌కి వెనక్కి వద్దామనుకున్నవాళ్లూ ఉన్నారు. 2016 రియో ఒలింపిక్స్‌లోకి తొలిసారి ప్రొఫెషనళ్లను రానిచ్చారు. కుర్రాళ్లను చితక్కొట్టేస్తారని పెద్ద గోలే జరిగింది. తీరా వచ్చింది ముగ్గురే. మాజీ ప్రపంచ చాంపియన్ హసన్ ఎన్‌దామ్ తొలి బౌట్‌లోనే ఓడాడు. మిగతా ఇద్దరు తలా ఒకటి గెలిచి, పతకం లేకుండానే ఇంటిదారి పట్టారు.