నిచ్చెన, వింటినారి, సైను

పిల్లలు హైస్కూలు మెట్టెక్కిన ఇళ్ళలో "సో-కా-టోవా" అనే మంత్రం వినిపిస్తూ ఉంటుంది. సైను, కొసైను, టాంజెంటు గుర్తుండటానికి ఇక్కడి బళ్ళలో నేర్పే అక్షరాల కూర్పు అది. ఆ లెక్క చెప్పమని పిల్లలు దగ్గరకొస్తే మనలో చాలామందిమి వెంటనే ఇంగ్లీషులోకి దిగిపోతాం. తెలుగు వంటింటికీ పండుగలకీ, తెలివైన విషయాలకు ఇంగ్లీషు అని పిల్లలు తీర్మానించుకోవడానికి ఇంతకన్నా ఏం కావాలి? ఈ ఒక్క పాఠమైనా తెలుగులో చెప్పి చూద్దాం.

నిచ్చెనతో మొదలుపెడదాం. ఆకులు రాలే కాలంలో చూరు గట్టర్లు శుభ్రం చేయడానికి గోడకు నిచ్చెన వేస్తాం కదా. నేలకీ గోడకీ మధ్య ఉన్నది లంబకోణం. ఏటవాలుగా ఉన్న నిచ్చెన కర్ణం. నిచ్చెన కాళ్ళకూ గోడకూ మధ్య దూరం ఒక భుజం, గోడ మీద అది అందుకున్న ఎత్తు మరో భుజం.

నిచ్చెన పొడవులో నాలుగో వంతు దూరంలో దాని కాళ్ళు ఉండాలని అమెరికాలో భద్రతా సూత్రం. 16 అడుగుల నిచ్చెనకు 4 అడుగులు, 24 అడుగుల దానికి 6 అడుగులు. రెండూ నేలతో చేసే కోణం ఒక్కటే, సుమారు 75½ డిగ్రీలు. కొలతలు ఎంత మారినా నిష్పత్తి మారకపోతే కోణం మారదు. త్రికోణమితి అంతా ఈ ఒక్క మాట మీద నిలబడింది. కోణాన్ని ఆనుకున్న భుజాన్ని కర్ణంతో భాగిస్తే కొసైను. ఎదుటి భుజాన్ని కర్ణంతో భాగిస్తే సైను. ఎదుటి భుజాన్ని ఆనుకున్న భుజంతో భాగిస్తే టాంజెంటు.

ఇప్పుడు కాగితం, స్కేలు, కోణమానిని తీయించండి. 10 సెంటీమీటర్ల కర్ణాన్ని 30 డిగ్రీల కోణంలో గీస్తే ఎదుటి భుజం 5 సెంటీమీటర్లు వస్తుంది. మరి 60 డిగ్రీలైతే? "పది" అంటారు పిల్లలు. కొలవమనండి, 8.66 వస్తుంది. పూర్తిగా నిలబెడితే తప్ప పది రాదు. మొదటి 30 డిగ్రీలకు 5, తరువాతి 30కి 3.66, చివరి 30కి 1.34 మాత్రమే. కోణం రెట్టింపైతే భుజం రెట్టింపు కాదు. అందుకే ఈ విలువలకు పట్టిక కావలసివచ్చింది.

అటువంటి పట్టికను క్రీ.శ. 499 నాటి ఆర్యభటుడు తన ఆర్యభటీయంలో ఇచ్చాడు. వ్యాసార్ధం 3438 అనుకుని, 3¾ డిగ్రీలకొక మెట్టు చొప్పున 24 మెట్లలో జ్యా ఎంతెంత పెరుగుతుందో చెప్పాడు: 225, 224, 222, 219... అలా తగ్గుతూ చివరి మెట్టుకు 7. మొదటి ఎనిమిది మెట్లు, అంటే 30 డిగ్రీల వరకు, కూడితే 1719. అది 3438లో సరిగ్గా సగం. మన పిల్లలు కాగితం మీద కొలిచిన "పదికి అయిదు" ఇదే!

జ్యా అంటే వింటినారి. వృత్తంలో చాపం విల్లయితే, దాని రెండు కొసలను కలిపే గీత నారి. లెక్కకు వాడేది అందులో సగం. ఈ మాట అరబ్బీలోకి "జీబా"గా వెళ్ళింది. ఆ లిపిలో హ్రస్వాచ్చులు సాధారణంగా రాయరు కనుక, తరువాతివాళ్ళు దాన్ని "జైబ్" అని చదివారు. దానికి బట్ట మడత, రొమ్ము అని అర్థం. 12వ శతాబ్దంలో లాటినులోకి అనువదించినవారు ఆ అర్థమే తీసుకుని "సైనస్" అన్నారు. అదే ఇంగ్లీషులో సైను అయింది. పరాయిదనుకుని పిల్లలు బట్టీపడుతున్న మాట, పేరు మార్చుకుని తిరిగొచ్చిన మన చుట్టమే.

సో-కా-టోవాను మానేయమని కాదు, పరీక్షలో పనికొస్తుంది. దాంతోపాటు ఈ ఆదివారం ఒక ప్రశ్న తెలుగులో అడగండి: 20 అడుగుల నిచ్చెన కాళ్ళు గోడకు 5 అడుగుల దూరంలో ఉంటే, పై కొస ఎంత ఎత్తుకు చేరుతుంది? జవాబు 19 అడుగుల 4 అంగుళాల పైచిలుకు. అది ఏ భాషలో వచ్చినా సంతోషమే. ప్రశ్న మాత్రం మన భాషలో ఉండాలి.