పెరటి తోట సంఘంలో చేరండి

రక్తం తక్కువగా ఉందని తేలిన తల్లులను మేము తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది: "అమ్మా, వారంలో ఎన్ని రోజులు ఆకుకూర తింటున్నారు?" వానాకాలంలో అడిగితే "రోజూ" అంటారు. మార్చి, ఏప్రిల్ నెలల్లో అడిగితే "సంతకు వెళ్ళిన రోజున" అంటారు. ఈ రెండు జవాబుల మధ్య ఉన్న తేడా గురించే ఈ నెల వ్రాస్తున్నాము.

2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుండి 49 ఏళ్ళ స్త్రీలలో నూటికి సుమారు 59 మందికి రక్తహీనత ఉంది. పెద్దవాళ్ళు రోజుకు కనీసం 400 గ్రాముల కూరగాయలు, పళ్ళు తినాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అయిదుగురున్న ఇంటికి అంత కొనాలంటే ఎంత ఖర్చవుతుందో మీరే లెక్క వేసుకోండి. టైడా లాంటి ఊళ్ళకు ఘాట్ రోడ్డు ఎక్కి వచ్చే కూరగాయకు బండి ఖర్చు కూడా మనమే కట్టాలి. కనుక పెరట్లో పండించుకోవటమే దారి.

"మేము వేయటం లేదా?" అని మీరు అడగవచ్చు. వేస్తున్నారు. తొలకరికి నాలుగు ఆనప గింజలు, నాలుగు చిక్కుడు గింజలు పెట్టని ఇల్లు మన కొండల్లో తక్కువ. కాని అది చాలా ఇళ్ళలో సంక్రాంతి దాటగానే ముగిసిపోతుంది. నీళ్ళు చాలవు, మేకలు పడతాయి, విత్తనం మిగలదు. ఒక్క ఇల్లాలు పొలం పని, కట్టెలు, నీళ్ళు, పిల్లలు చూసుకుంటూ ఏడాది పొడుగునా తోటను నిలబెట్టటం కష్టం. పదిమంది కలిస్తే నిలబడుతుంది.

సంఘం అంటే ఏమిటి?

మేమిక్కడ సంఘం అంటున్నది చర్చి సంఘాన్ని కాదు. పది, పదిహేను మంది స్త్రీలు కలిసిన పొదుపు సంఘం ఇప్పటికే మీ ఊళ్ళో ఉండి ఉంటుంది. పెరటి తోటకు వేరే సంఘం పెట్టనక్కరలేదు, దానిలోనే ఈ పని మొదలుపెట్టవచ్చు. 2016లో రైతు సాధికార సంస్థ మన రాష్ట్రంలో ఆరంభించిన ప్రకృతి వ్యవసాయ కార్యక్రమం కూడా ముఖ్యంగా ఈ మహిళా సంఘాల మీదనే ఆధారపడి నడుస్తోంది. ఇంటి తోటలు వేయించటం అందులో ఒక భాగం. ఆ కార్యక్రమానికి 2024లో పోర్చుగల్ దేశపు గుల్బెంకియన్ బహుమతిలో భాగం దక్కింది. మీ ఊళ్ళో ఆ కార్యకర్తలు ఉంటే వారిని అడగండి, నేర్పిస్తారు.

చేరటానికి భూమి ఉండాలన్న నియమం పెట్టుకోవద్దు. నాలుగు పాత సంచుల్లో మట్టి నింపి తోటకూర, గోంగూర వేసుకోవచ్చు. ఆనప, గుమ్మడి, బీర పాదులను ఇంటి పైకప్పు మీదికి ఎక్కించవచ్చు. అదీ కుదరకపోతే ఎవరిదైనా ఖాళీ స్థలంలో అందరూ కలిసి వేసి పంచుకోవచ్చు. అయితే ఎవరి స్థలం, ఎన్నాళ్ళకు, పంటలో ఎవరికెంత అన్నది మొదటి రోజే అందరి ముందు మాట్లాడుకోండి. ఇటువంటి సంఘాలు చెడిపోయేది ఎక్కువగా ఇక్కడే.

కలిసి చేసే పనులు

అన్నిటికన్నా ముఖ్యమైనది విత్తనం. ఒక్కొక్కరు ఒక్కొక్క రకం బాధ్యత తీసుకోవాలి: ఒకరు బచ్చలి, ఒకరు చిక్కుడు, ఒకరు బొబ్బర్లు, ఒకరు గోంగూర. బాగా కాసిన పాదులో మొదటి కాయలను కోయకుండా ముదరనిచ్చి, నీడలో ఆరబెట్టి, బూడిద కలిపి, ఎండిన ఆనపబుర్రలోనో మూత గట్టిగా ఉన్న సీసాలోనో దాచాలి. ఒకరి ఇంట్లో పురుగు పట్టినా మరొకరి దగ్గర దొరికేటట్లు ప్రతి రకాన్ని రెండు ఇళ్ళలో ఉంచటం మంచిది. మన పెద్దలు చేసినదే ఇది. సంతలో కొన్న హైబ్రిడ్ విత్తనం మొదటి ఏడు బాగా కాసినా, దాని గింజ దాచి మళ్ళీ వేస్తే అదే కాపు రాదు. ప్రతి ఏడూ కొనవలసి వస్తుంది.

రెండవది కంచె. నెలకు ఒక రోజు పెట్టుకుని, అందరూ కలిసి ఒక్కొక్కరి ఇంటికి వెళ్ళి ముళ్ళకంప కట్టాలి. వాలు నేల అయితే మడులను వాలుకు అడ్డంగా తీసి, కింద వైపు రాళ్ళు పేర్చాలి. లేకపోతే జూలై వానకు మట్టి, ఎరువు అన్నీ గెడ్డలోకి పోతాయి.

ఎరువుకు జీవామృతం చాలు. పెరటి తోటకు 20 లీటర్ల నీటిలో కిలో ఆవు పేడ, లీటరు ఆవు పంచితం, 200 గ్రాముల బెల్లం, 200 గ్రాముల పప్పు పిండి, గట్టు మీది మట్టి ఒక గుప్పెడు వేసి, నీడలో రెండు రోజులు ఉంచి, పూటపూటా కలపాలి. అది మొక్క మొదట్లోనే పోయండి. రేపు కోసే ఆకు మీద పోయవద్దు.

ఎండాకాలానికి ముందుగానే ఆలోచించాలి. మునగ కొమ్మ ఒకటి, కరివేపాకు, అవిసె, బొప్పాయి పెరట్లో ఉంటే ఏప్రిల్‌లో కూడా ఆకు, పండు దొరుకుతాయి. అంట్లు తోమిన నీళ్ళు పారే చోట అరటి, బచ్చలి, పొన్నగంటి వేయండి. బంగ్లాదేశ్‌లో హెలెన్ కెల్లర్ ఇంటర్నేషనల్ అనే సంస్థ 1990ల నుండి ఊరూరా ఇంటి తోటలు వేయించింది. ఏడాది పొడుగునా రకరకాలు పండించిన ఇళ్ళలో పిల్లలు కూరగాయలు ఎక్కువగా తిన్నారని అక్కడ గమనించారు. ఒక్క కాలంలో ఎంత కాసిందన్న దానికంటే, ఎన్ని నెలలు ఆకు దొరికిందన్నది చూసుకోవాలి.

కోసిన ఆకు ఎవరి కంచంలోకి?

కొందరు మంచి ఆకంతా సంతకు పంపి ముదురు ఆకు ఇంట్లో వండుతారు. ఇంట్లో వండినా మగవాళ్ళు, పిల్లలు తిన్నాక మిగిలితే తల్లి తింటుంది. బాలింతకయితే ఆకుకూర పథ్యం కాదని పెట్టనే పెట్టరు. అది సరి కాదు. బాలింత నిస్సందేహంగా తినవచ్చు. సంఘం సమావేశంలో "ఈ వారం ఏమి అమ్మావు?" అని అడిగే ముందు "నువ్వు ఏమి తిన్నావు?" అని అడగాలని మా మనవి.

ఆకుకూరలోని ఇనుము శరీరానికి కొద్దిగానే పడుతుంది. నిమ్మరసం పిండుకుంటే, జామపండు గాని ఉసిరికాయ గాని తోడు తింటే బాగా పడుతుంది. అన్నం తిన్న వెంటనే టీ, కాఫీ తాగితే అదీ పట్టదు. కాఫీ పండే కొండల్లో ఉన్నవారికి ఈ మాట కష్టంగా ఉంటుంది, కాని ఒక గంట ఆగండి. గర్భిణీలు నాలుగవ నెల నుండి 180 రోజులు, కాన్పు తరువాత మరో 180 రోజులు ఇనుము మాత్రలు వేసుకోవాలి. తోట ఉంది కదా అని మాత్రలు మానవద్దు.

రక్తం తగ్గటానికి తిండి ఒక్కటే కారణం కాదు. మలేరియా, సికిల్ సెల్ జబ్బు, కొంకి పురుగులు కూడా కారణమే. ఎంత తిన్నా నీరసం తగ్గకపోతే పరీక్షకు రండి. కొంకి పురుగు పిల్లలు తడి మట్టిలో ఉండి, చెప్పులు లేని పాదాల చర్మం గుండా లోపలికి పోతాయి, ప్రేగుల్లో చేరి రక్తం పీలుస్తాయి. తోటలో దిగేటప్పుడు చెప్పులు వేసుకోండి. మడుల పక్కన పిల్లలను మలవిసర్జనకు కూర్చోబెట్టవద్దు. పని అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కోండి. నీళ్ళ తొట్టెలకు మూత ఉంచండి, లేకపోతే దోమలు గుడ్లు పెడతాయి. కత్తిపీట, కొడవలి తెగితే గాయాన్ని సబ్బు నీటితో కడిగి అదే రోజు ఇంజక్షన్ కోసం రండి. దాని మీద పేడ, మట్టి పెట్టకండి.

ఈసారి పొదుపు సమావేశానికి వెళ్ళేటప్పుడు మీ ఇంట్లో ఉన్న గింజ ఏదైనా ఒక గుప్పెడు కొంగున కట్టుకుని వెళ్ళండి. పక్కామె దగ్గర మీకు లేనిది ఉంటుంది.