అణకువ, వినయం, ప్రశ్న: యూదుధర్మ దృష్టి - కొత్తరెడ్డిపాలెం బెనె ఎఫ్రాయిం సమాజం

వ్యాససంగ్రహం:
యూదుధర్మంలో ఆధ్యాత్మికాన్వేషణకు వినయం, జిజ్ఞాస రెండూ ఆధారాలు. కులవ్యవస్థ తరతరాలుగా అణకువను విధించిన ఒక సమాజం ఈ ధర్మాన్ని తనదిగా భావించినప్పుడు ‘వినయం’ అనే మాటకు ఏ అర్థం నిలుస్తుందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: యూదుధర్మం, వినయం, జిజ్ఞాస, బెనె ఎఫ్రాయిం, కులం.

1. ఉపోద్ఘాతం:
ఫలభారంతో చెట్లు వంగినట్లు సజ్జనులు సంపదలో వినమ్రులవుతారన్న భర్తృహరి భావన ఏనుగు లక్ష్మణకవి అనువాదం ద్వారా తెలుగువారికి సుపరిచితం. వేసవిలో నూజివీడు తోటల్లో రసాలు కాసిన కొమ్మలను చూసినవారికి ఈ ఉపమానానికి వేరే వ్యాఖ్య అక్కరలేదు. అయితే ఎవరైనా లాగి పట్టుకున్నా కొమ్మ వంగుతుంది. దూరం నుంచి చూసేవారికి ఆ రెండు వంపులూ ఒకేలా కనిపిస్తాయి. వినయాన్ని గురించిన ఏ చర్చకైనా ఈ భేదం కీలకం.

2. మోషే - జిజ్ఞాస, వినయం:
నిర్గమకాండం మూడో అధ్యాయంలో మోషే మామ మందను మేపుతూ, మండుతున్నా కాలిపోని పొదను చూస్తాడు. అది ఎందుకు కాలిపోవడం లేదో తెలుసుకోవాలని అటు తిరుగుతాడు. అతడు అలా తిరగడం చూసిన తరువాతే దేవుడు అతణ్ణి పిలుస్తాడు. అంటే పిలుపుకు ముందున్నది జిజ్ఞాస. పిలుపు విన్న తరువాత మోషే ముఖం కప్పుకొంటాడు. అది వినయం. అంతటితో అతడు మౌనం వహించడు. ఈ కార్యానికి తానెంతటివాడినని, పంపినవాని పేరు ఏమని చెప్పాలని వెంటనే ప్రశ్నిస్తాడు.

సంఖ్యాకాండం 12:3 ఇదే మోషేను మనుషులందరిలో మిక్కిలి వినయశీలిగా పేర్కొంటుంది. అక్కడి హీబ్రూ పదం ‘అనావ్’. తెలుగు బైబిలు దీనిని ‘సాత్వికుడు’ అని అనువదించింది. ఈ మాట వినగానే తెలుగు పాఠకునికి గుణత్రయం, శాంతస్వభావం స్ఫురిస్తాయి. ఫరో ఎదుట నిలిచి తన ప్రజల విడుదలను కోరిన వ్యక్తిత్వం ఆ పదంలో పూర్తిగా ఇమడదు. పైగా ‘అనావ్’కు దగ్గరి పదం ‘అనీ’. దీనుడు, పీడితుడు అని దాని అర్థం. వినయానికీ పీడనకూ మధ్య దూరం హీబ్రూ భాషలోనూ తక్కువే.

3. ప్రశ్నకు దక్కిన స్థానం:
ఆ దూరాన్ని యూదు సంప్రదాయం ప్రశ్న ద్వారా కాపాడింది. ఐగుప్తు దాస్యవిముక్తిని స్మరించే పస్కా రాత్రి భోజనంలో, ఈ రాత్రికి ఉన్న ప్రత్యేకత ఏమిటని ఇంట్లో అందరికంటే చిన్నవారు అడగడం ఆచారం. విముక్తి కథ ఆ ప్రశ్నకు సమాధానంగా సాగుతుంది. ‘పిర్కే అవోత్’లో హిల్లెల్ పేరిట ఉన్న బోధ అడగడానికి జంకడాన్ని విద్యకు అడ్డంకిగా లెక్కించింది. తల్మూద్‌లోని ‘ఎరువీన్’ భాగం ప్రకారం, షమ్మాయి శిష్యులతో వచ్చిన వాదంలో హిల్లెల్ శిష్యుల తీర్పు నిలిచింది. ఎదుటిపక్షం వాదాన్ని కూడా బోధించడం, దానిని తమ వాదం కంటే ముందు చెప్పడం అందుకు కారణాలుగా పేర్కొన్నారు. ఇక్కడ వినయం అంటే ఎదుటివాని మాటకు చోటివ్వడం. తన మాటను మానుకోవడం ఇందులో లేదు.

4. కొత్తరెడ్డిపాలెం అనుభవం:
గుంటూరు జిల్లా చేబ్రోలు సమీపంలోని కొత్తరెడ్డిపాలెంలో 1991లో ఒక సినగాగు వెలసింది. శ్మూయేల్, సాదోక్ యాకోబి సోదరుల నాయకత్వంలో ఏర్పడిన ఈ సమాజం తమను ‘బెనె ఎఫ్రాయిం’, అనగా ఎఫ్రాయిం సంతతి, అని చెప్పుకొంటుంది. సభ్యులు మాదిగ సామాజికవర్గ నేపథ్యం కలవారు. పూర్వం క్రైస్తవ సంఘాలతో సంబంధం ఉన్నవారు. క్రీ.పూ. ఎనిమిదో శతాబ్దంలో అష్షూరీయుల దండయాత్రతో చెదరిపోయిన ఇశ్రాయేలు గోత్రాలలో తమదొకటని వీరి విశ్వాసం. ఈశాన్య భారతంలోని బ్నే మెనాషే సమాజానికి 2005లో ఇజ్రాయెల్ సెఫార్దీ ప్రధాన రబ్బీ నుంచి లభించిన గుర్తింపు వీరికి లభించలేదు. యూలియా ఎగొరొవా, షాహిద్ పర్వేజ్ 2013లో ప్రచురించిన పరిశోధనగ్రంథం ఈ సమాజాన్ని కులం, మతం అనే రెండు కోణాల నుంచీ పరిశీలించింది.

వంశమూలం రుజువవుతుందా అన్న చర్చ అలా ఉంచితే, ఇక్కడ గమనించదగినది ప్రశ్న వేసిన తీరు. ‘మేము ఎవరం?’ అన్నదానికి కులవ్యవస్థ ఎప్పుడో సమాధానం నిర్ణయించిపెట్టింది. ఆ సమాధానాన్ని అంగీకరించి తలవంచడాన్నే లోకం అణకువగా మెచ్చుకుంది. బెనె ఎఫ్రాయిం ప్రజలు అదే ప్రశ్నను మళ్లీ తామే అడిగారు. ఆపై హీబ్రూ అక్షరాలు, సబ్బాతు ఆచారం, పస్కా విధులు నేర్చుకొనే విద్యార్థులయ్యారు. విధించిన అణకువను ప్రశ్నతో తొలగించుకొన్నవారు, తాము ఎంచుకొన్న విద్య ముందు తలవంచారు. పై నుంచి లాగిన వంపు, పండి వంగిన వంపు ఒకే సమాజ జీవితంలో ఇలా వేరుపడ్డాయి.

5. ముగింపు:
జిజ్ఞాస లేని వినయం లొంగుబాటుగా మారే ప్రమాదం ఉంది. వినయం లేని జిజ్ఞాస వాదంలో గెలుపుతోనే ఆగిపోతుంది. మోషే వృత్తాంతం, హిల్లెల్ సంప్రదాయం ఈ రెండింటినీ విడదీయలేదు. అధ్యాపకులుగా మనకు ఇది దగ్గరి విషయం. తరగతిలో తలవంచుకొని మౌనంగా కూర్చొనే విద్యార్థిని వినయవంతుడని మెచ్చుకోవడం మనకు అలవాటు. ఆ మౌనం ఆ విద్యార్థి స్వభావమా, ఎవరైనా అలవాటు చేసినదా అన్నది, అతడు మొదటి ప్రశ్న అడిగే అవకాశం మనం కల్పించిన తరువాతే తెలుస్తుంది.