కంటికి కానరాని దోషము: హోటలు తనిఖీ వెనుకనున్న విజ్ఞానము

నాగర్‌కర్నూలు జిల్లాలోని కల్వకుర్తి, శ్రీశైలము దారికి చేరువనుండి, చుట్టుపట్ల పల్లెలకెల్ల అంగడియై, బస్సులు మారు కూడలియై యుండుటచేత, పొద్దుననే ఊరు విడిచి వచ్చిన రైతుగాని, కోర్టు పనికై వచ్చిన కక్షిదారుగాని, కళాశాల విద్యార్థిగాని మధ్యాహ్నమునకు ఏదో యొక హోటలులో విస్తరి ముందు కూర్చుండక తప్పదు. అచ్చటి భోజనము మంచిదో కాదో అతడు వాసనచేతను రుచిచేతను నిర్ణయించుకొనును. ఈ రెండు ఇంద్రియములును కుళ్ళిన పదార్థమును పట్టి యిచ్చునే గాని రోగకారకములైన సూక్ష్మజీవులను పట్టి యీయజాలవు. కుళ్ళు పుట్టించు జీవులు వేరు, రోగము పుట్టించు జీవులు వేరు. రెండవ జాతి చేరిన కూర చాలసార్లు రంగునందును రుచియందును ఏ మార్పును చూపదు. భోక్త ఇంద్రియములకు అసాధ్యమైన ఈ పనిని నెరవేర్చుటకే తనిఖీ యేర్పడినది.

తనిఖీ ప్రధానముగా విచారించునవి రెండు: వేడిమి, కాలము. 5 డిగ్రీల సెల్సియసునకు పైన, 60 డిగ్రీలకు దిగువన నున్న ఆహారమునందు సూక్ష్మజీవులు వృద్ధి పొందును. వానిలో పెక్కింటికి మన దేహపు వేడియైన 37 డిగ్రీల ప్రాంతము మిక్కిలి అనుకూలము. కల్వకుర్తి యున్న ఈ పాలమూరు సీమ వేసవిలో వంటగది గాలియే ఆ వేడిని మించును. అనుకూలస్థితిలో కొన్ని జాతులు 20 నిమిషములకు ఒకసారి రెట్టింపగును. ఈ లెక్కన ఒక్క జీవి 3 గంటలలో 512 అగును, 7 గంటలలో 20 లక్షలను దాటును. మధ్యాహ్నము 12 గంటలకు దించిన కూర పొయ్యి మీద లేక, ఫ్రిజ్‌లో లేక, రాత్రి 7 గంటల వరకు బల్లమీదనే యుండుటలోని అపాయమంతయు ఈ గుణకారములోనే యున్నది.

మరల వేడిచేసిన దోషము పోదాయని పలువురు అడుగుదురు. దీనికి అన్నమే మంచి ఉదాహరణము. బియ్యముతో వచ్చు బాసిల్లస్ సీరియస్ అను జీవి, ఉడుకుచున్న నీటియందు సైతము చావని సిద్ధబీజముల రూపమున నిలిచి, వార్చిన అన్నము మెల్లగా చల్లారునపుడు మొలకెత్తి, ఒక విషమును విడుచును; వాంతులు కలిగించు ఆ విషము 121 డిగ్రీల వేడికిని నశింపదు. 1971 మొదలు బ్రిటనులో ఫ్రైడ్ రైస్ తిన్నవారికి వాంతులు పట్టుకొనగా పరిశోధకులు గుర్తించిన కారణమిదియే: పెద్ద గిన్నెలలో వండిన అన్నమును గంటల తరబడి బయటనుంచి, పిదప వేయించి వడ్డించిరి. నేడు మన బస్టాండుల చెంత సాయంత్రము మంట మీద బాణలి ఎగురవేయుచు ఫ్రైడ్ రైస్ చేయు బండి ముందు నిలిచినవారు ఆ మంటను చూచి ధైర్యపడుదురు. కాని చూడవలసినది మంటను గాదు, ఆ అన్నము ఎప్పుడు వండబడి, ఎట్లు నిలువయుంచబడినదో ఆ సంగతిని.

ఇడ్లీ సంగతి వేరు. పులిసిన పిండియందలి ఆమ్లము హానికరజీవులను అణచును, ఆవిరి మిగిలినవానిలో పెక్కింటిని చంపును. కాబట్టి వేడివేడి ఇడ్లీ నమ్మదగిన ఆహారము. దాని ప్రక్కన వడ్డించు కొబ్బరిచట్నీ మాత్రము పొయ్యి యెక్కదు; దానిలోని నీరు, రుబ్బిన పాత్ర, కలిపిన చేయి శుద్ధముగా లేనియెడల ఆ దోషమును హరింపగల అగ్ని మరి యేదియు లేదు. వంటవాని చేతిపుండునుండి స్టాఫిలోకోకస్ అను జీవి ఆహారములో చేరి విడుచు విషమును గూడ తిరిగి కాచుట పోగొట్టదు. అధికారి వంటవారి గోళ్ళను, పుండ్లను పరీక్షించుటయు, వారి ఆరోగ్యపత్రములను, నీటిపరీక్ష నివేదికను అడుగుటయు ఇందులకే. మిర్చిబజ్జీల మూకుడును సైతము శాస్త్రము విడువలేదు: మాటిమాటికి కాగిన నూనెలో పుట్టు ధ్రువసంయోగములు 25 శాతమును మించరాదని 2018 జూలై 1 నుండి నియమము అమలులో నున్నది.

ఈ విచారణకు ఆధారము 2006 నాటి ఆహారభద్రత, ప్రమాణముల చట్టము. 1954 నాటి కల్తీ నిరోధక చట్టమునకు మారుగా వచ్చిన ఇది 2011 ఆగస్టు 5 నుండి అమలగుచున్నది. పాత చట్టము ముఖ్యముగా కల్తీని పట్టుటకు పుట్టినది. క్రొత్తది వంటశాల నడవడినంతటిని లెక్కకు తెచ్చినది. లోపము కనబడినచో దిద్దుకొమ్మని నోటీసు నిచ్చుటకును, దిద్దుకొననిచో లైసెన్సును నిలుపుటకును, అపరిశుభ్రతకు లక్ష రూపాయల వరకు జరిమానా విధించుటకును ఇందు అవకాశము గలదు. సేకరించిన నమూనా సాధారణముగా నాలుగు భాగములుగా విభజింపబడును. ఆహార విశ్లేషకుడు 14 దినములలో నివేదిక నీయవలెను. కొన్నవాడు సైతము రుసుము చెల్లించి, తాను కొన్న పదార్థమును పరీక్ష చేయించుకొనవచ్చును.

ఈ చట్టపు బలము 2024లో హైదరాబాదునందు ప్రజల దృష్టికి వచ్చినది. రాష్ట్ర ఆహారభద్రతా శాఖ బృందములు పేరుపొందిన హోటళ్ళలో ప్రవేశించి, మూతలేని చెత్తబుట్టలను, గడువు దాటిన సరకులను, తేదీ వ్రాయక ఫ్రిజ్‌లో కుక్కిన వంటకములను చూచినవి చూచినట్లు ప్రకటించినవి. ఆ యేడు అక్టోబరులో మోమోలు తిని ఒక స్త్రీ మరణించి, పలువురు అస్వస్థులైన పిదప, పచ్చిగ్రుడ్డుతో చేసిన మయొనేజ్‌ను ప్రభుత్వము ఒక సంవత్సరముపాటు నిషేధించినది. గ్రుడ్డుతో రాదగిన సాల్మొనెల్లాను చంపగల వేడి ఆ తయారీలో ఎచ్చటను తగులకపోవుటయే అందలి అపాయము.

తనిఖీ పత్రము ఒక్క దినపు స్థితిని మాత్రమే చెప్పును. కావుననే ఆ పత్రములు వరుసగా నిలువయుండి, ప్రజలకు చదువనగుట అవసరము. లాస్ ఏంజిలిస్ ప్రాంతమున 1998 నుండి ప్రతి హోటలు తన శ్రేణి అక్షరమును గుమ్మమునందు చూపవలసియున్నది; వేల్సు దేశమున 2013 నుండి పరిశుభ్రతాంకమును ప్రదర్శింపక తప్పదు. మనకు నేడు గుమ్మముననో బిల్లుమీదనో తప్పక కనబడవలసినది 14 అంకెల లైసెన్సు సంఖ్య. మొదటి అంకె 1 అయిన లైసెన్సు, 2 అయిన చిరువ్యాపారపు నమోదు.

కల్వకుర్తి హోటలు యజమానులారా, మీ సంఖ్యతోపాటు కడపటి తనిఖీ పత్రమును గూడ గల్లాపెట్టె వద్ద వ్రేలాడదీయుడు. నిజాయితీగా వండువానికి ఇంతకు మించిన ప్రకటన లేదు. పాఠకులారా, విస్తరి ముందు కూర్చుండుటకు మునుపు ఆ కాగితమేదని మర్యాదగా అడుగుడు. అడుగువారు పెరిగినకొలది వంటశాలలు బాగుపడును.