గేటు దాటిన తరువాత

మన ఇళ్ళలో కొత్త కోడలు గడప దాటే వేళ ఎంత సందడి ఉంటుందో అందరికీ తెలిసినదే. హారతి పడతారు, కుడికాలు ముందు పెట్టించి లోపలికి తీసుకువెళతారు. మరునాడు ఉదయం ఆ అమ్మాయి వంటింట్లో నిలబడి, ఉప్పు జాడీ ఎక్కడున్నదో తెలియక, అడిగితే ఏమనుకుంటారోనని తానే వెతుక్కుంటూ ఉంటుంది. ఆ క్షణాన పక్కకు వచ్చి "ఇదుగోనమ్మా, పై అరలో ఉంది" అని చూపిన మనిషిని ఆమె జీవితాంతం మరచిపోదు. హారతి పట్టినవారు అంతగా గుర్తుండకపోవచ్చు.

సంస్థలో కొత్తగా చేరే ఉద్యోగి పరిస్థితి ఇందుకు భిన్నమైనది కాదు. స్వాగత సభ, పుష్పగుచ్ఛం, ఉన్నతాధికారి ప్రసంగం – ఇవి హారతి వంటివి. ఉండవలసినవే. అయితే మరునాడు ఉప్పు జాడీ చూపేది ఎవరు? కొత్తవారిని ఆదరించే విషయంలో మనమందరం వేసుకోవలసిన ప్రశ్న ఇదేనని మేము భావిస్తున్నాము.

కాగితాలతో గడిచే తొలిరోజు

తొలిరోజు ఎలా గడుస్తుందో ఒకసారి గుర్తు చేసుకుందాము. ఉదయం ఎనిమిది గంటలకే గేటు వద్దకు చేరిన యువకునికి పాసు సిద్ధంగా ఉండదు. సెక్యూరిటీవారు ఫోను చేస్తారు. అవతల ఎత్తేవారు ఇంకా రాలేదు. తరువాత పర్సనల్ విభాగంలో బెంచీ. ధ్రువపత్రాల అసళ్ళు, నకళ్ళు, ఫొటోలు, జాయినింగ్ రిపోర్టు, ప్రావిడెంట్ ఫండు నామినేషను, వైద్య పరీక్ష. ఎన్నో చోట్ల సంతకాలు చేసినా, ఒక్కరు కూడా "భోజనం చేశావా బాబూ?" అని అడిగి ఉండరు. క్యాంటీను ఎక్కడో, కూపను ఎవరిస్తారో అతనికి తెలియదు. సాయంత్రం హాస్టలు గది తాళంచెవి కోసం మరో కార్యాలయం.

ఇందులో ఎవరి దురుద్దేశమూ లేదు. ఎవరి పని వారు సక్రమంగానే చేశారు. కాగితాలన్నీ పూర్తి అయినాయి. మనిషిని మాత్రం ఎవరూ చేర్చుకోలేదు.

ఎర్ర చీటీ నేర్పిన పాఠం

ఇది కేవలం మర్యాదకు సంబంధించిన విషయం కాదనడానికి మా అనుభవంలోని ఒక సంఘటనను ఇక్కడ చెప్పవలసి ఉన్నది. అప్పట్లో మేము ఒక షిఫ్టు బాధ్యతలు చూస్తున్నాము. ఉద్యోగంలో చేరి పదకొండు రోజులైన ఒక కుర్రవానిని పిలిచి, రెండవ పంపు డిశ్చార్జి వాల్వును కొద్దిగా తెరిచి రమ్మన్నాము. ఆ పంపుహౌసులో పాతవారందరూ తూర్పు తలుపు వైపు నుండి పంపులను లెక్కిస్తారు. పంపుల మీద రంగుతో వేసిన అంకెలు మాత్రం పడమటి నుండి మొదలవుతాయి. ఏళ్ళ తరబడి అక్కడ పనిచేసేవారికి ఆ తేడా కంటికి ఆనదు. కొత్తవాడు సహజంగానే రంగుతో రాసిన అంకెను నమ్మాడు.

ఆ పంపు మరమ్మతులో ఉన్నది. వాల్వు చక్రానికి ఎర్ర చీటీ కట్టి ఉన్నది. విప్పిన పంపు వద్ద ఇద్దరు ఫిట్టర్లు కూర్చుని పని చేస్తున్నారు. అవతలి గొట్టంలో ఒత్తిడితో వేడినీరు ఉన్నది. కుర్రవాడు చక్రం మీద చేయి వేశాడు. అదృష్టవశాత్తు అటుగా వెళుతున్న ఒక సీనియరు ఆపరేటరు కేక వేసి ఆపాడు. ఎవరికీ ఏమీ కాలేదు.

అందరం కలిసి అతనిని మందలించాము. చీటీ కనబడలేదా అని గద్దించాము. చాలాసేపటికి అతడు నోరు విప్పాడు: "చూశాను సార్. మీరు చెప్పారు కదా, అది పాత చీటీయేమో అనుకున్నాను. మళ్ళీ వచ్చి అడిగితే ఇంతమాత్రం తెలియదా అంటారేమోనని..."

ఆ మాట తరువాత మందలించడానికి మాకేమీ మిగలలేదు. చేరిన రెండవ రోజున అతనికి భద్రతా తరగతి జరిగింది. ఎర్ర చీటీ అంటే ఏమిటో అందులో చెప్పారు. రిజిస్టరులో అతని సంతకం ఉన్నది. అతనికి లోపించినది తెలివి కాదు, శిక్షణా కాదు. రెండోసారి అడిగే చనువు. ఆ చనువును ఇవ్వవలసినవారు తరగతి చెప్పినవారు కాదు, షిఫ్టులో ఉన్న మేము.

చట్టం ఇచ్చేది, మనం ఇవ్వవలసినది

1984 డిసెంబరులో జరిగిన భోపాల్ దుర్ఘటన అనంతరం, 1987లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించినప్పుడు, తన ఆరోగ్యానికి, భద్రతకు సంబంధించిన సమాచారాన్ని యాజమాన్యం నుండి పొందే హక్కును కార్మికునికి కల్పించారు. గనులలో కొత్తవారికి శిక్షణ విషయమై 1966లోనే ప్రత్యేక నియమావళి వచ్చింది. 2020లో పార్లమెంటు ఆమోదించిన వృత్తి భద్రత, ఆరోగ్య, పని పరిస్థితుల స్మృతి సమాచార హక్కుకు చోటిస్తూనే, ప్రతి ఉద్యోగికీ నియామక పత్రం ఇవ్వాలని కూడా నిర్దేశించింది. ప్రభుత్వోద్యోగాలలో కొత్తగా చేరేవారి కోసం 2022 నవంబరులో 'కర్మయోగి ప్రారంభ్' అనే ఆన్‌లైన్ పాఠ్యక్రమం మొదలైంది.

ఇవన్నీ హర్షించదగినవే. కాని అడిగే హక్కు వేరు, అడగగలిగే ధైర్యం వేరు. మొదటిది చట్టం ఇవ్వగలదు. రెండవది పక్కనున్న మనిషి మాత్రమే ఇవ్వగలడు.

దీనిని నిరూపించిన ఒక ప్రయోగం ప్రసిద్ధమైనది. అమెరికాలోని టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ కంపెనీలో కొత్తగా చేరినవారి ఆందోళన గురించి గోమర్సాల్, మైయర్స్ అనే ఇద్దరు 1966లో ఒక వ్యాసం ప్రచురించారు. మామూలుగా కొత్తవారికి రెండు గంటలు నిబంధనలు వివరించి పనిలోకి పంపేవారు. ఒక పదిమందిని మాత్రం ఆ రోజంతా కూర్చోబెట్టి నాలుగు విషయాలు చెప్పారు. మీరు తప్పక నెగ్గుకు రాగలరు. పాతవారు బెదిరించే మాటలు పట్టించుకోవద్దు. తెలియనిది మీరే చొరవగా అడగండి. మీ సూపర్‌వైజరు ఎటువంటివారో తెలుసుకోండి. పనితనం గురించి కొత్తగా నేర్పినది ఏమీ లేదు. అయినా వారి శిక్షణకాలం సగానికి తగ్గింది. గైర్హాజరు, ఆలస్యంగా రావడం కూడా సగమైనాయి. పాడైన సరుకు ఐదవ వంతుకు పడిపోయింది. భయం పోగొట్టడానికి వెచ్చించిన ఒక్క రోజు ఫలితమిది.

మనం చేయదగినవి

ఇందుకు పెద్ద ఖర్చు అక్కరలేదు. చేరవలసిన తేదీకి ముందే పంపే ఉత్తరంలో ఏ గేటుకు రావాలో, ఎవరిని కలవాలో, ఆ రాత్రి ఎక్కడ బస చేయాలో రాయవచ్చు. గేటు పాసును ముందురోజే సిద్ధం చేయవచ్చు. కాగితాల పనిని రెండు మూడు రోజులకు సర్ది, తొలి పూటనే అతనిని పనిచేయబోయే విభాగానికి తీసుకువెళ్ళవచ్చు.

అన్నింటికన్న ముఖ్యమైనది, ప్రతి కొత్త ఉద్యోగికీ ఒక తోడును పేరు పెట్టి అప్పగించడం. ఆ తోడు అధికారి కాకూడదు. అదే షిఫ్టులో, అదే పనిలో ఉన్న అనుభవజ్ఞుడు కావాలి. తొలి నెల అతనితోపాటు భోజనానికి వెళ్ళాలి. మన అంకెలు ఎటు నుండి లెక్కిస్తామో, ఏ మాటకు ఇక్కడ ఏ అర్థమో చెప్పాలి. ఒకే ప్రశ్నను మూడుసార్లు అడిగినా విసుగుకోకూడదు. నెల గడిచాక, మరల మూడు నెలలకు, విభాగాధిపతి అతనిని కూర్చోబెట్టి "ఇక్కడ నీకు వింతగా తోచినదేమిటి?" అని అడగాలి. మన కళ్ళకు అలవాటైపోయిన లోపాలు కొత్త కళ్ళకే కనబడతాయి. ఆ సంఘటన జరిగిన వారంలోనే పంపుల అంకెలను తుడిపించి, అందరూ లెక్కించే క్రమంలో తిరిగి రాయించాము. ఆ పని ఎన్నో ఏళ్ళ క్రితమే జరిగి ఉండవలసినది.

ఇంకొక మాట. దూరప్రాంతం నుండి, మన భాష రాకుండా వచ్చినవారికి ఈ తోడు మరింత అవసరం. కాంట్రాక్టు కార్మికులను సైతం మరువరాదు. వారికి స్వాగత సభ ఉండదు; ఒక్కొక్కసారి ఉదయం వచ్చి మధ్యాహ్నానికే ప్రమాదకరమైన పనిలో ఉంటారు. వాల్వుకు కట్టిన చీటీకి రెగ్యులరు, కాంట్రాక్టు అనే భేదం తెలియదు.

"అడగందే అమ్మయినా పెట్టదు" అని మనవారు అంటారు. కొత్తవారికి మనం తరచుగా ఇచ్చే సలహా కూడా ఇదే. కాని పని స్థలంలో ఈ సామెతను తిరగవేయవలసి ఉన్నది. అడగడానికి జంకేవారికి అడగకముందే పెట్టడం పెద్దవారి ధర్మం. మనలో ప్రతి ఒక్కరమూ ఒకనాడు ఆ గేటు వద్ద, ఆ బెంచీ మీద కూర్చున్నవారమే. ఆనాడు మనకు ఉప్పు జాడీ చూపిన చేతిని తలచుకుందాము. రేపు ఉదయం మన విభాగంలో అడుగుపెట్టే కొత్త ముఖాన్ని మనమే ముందుగా పలకరిద్దాము.