ఎవరి పోలిక?

పసిబిడ్డను చూడవచ్చిన వాళ్లు మన తెలుగిళ్లలో ముందుగా అడిగే మాట ఒకటున్నది. "ఎవరి పోలిక?" అని. ముక్కు నాయనమ్మదని ఒకరు, నుదురు మేనమామదని ఒకరు, అరికాలి పుట్టుమచ్చ అచ్చం తాతదేనని ఇంకొకరు, బిడ్డను ముక్కలు ముక్కలుగా పంచుకుంటారు. ఇందులో ముచ్చటతో పాటు కొంత వైద్యం కూడా దాగి ఉన్నదని నేను దత్తత తల్లినైన తరువాత గాని నాకు బోధపడలేదు. బిడ్డకు ఒంటినిండా దద్దుర్లు లేచినవనుకోండి. "వాళ్ల నాన్నకూ చిన్నప్పుడు ఇంతే, ఐదో ఏట వాటంతటవే పోయినవి" అని ఒక ముసలమ్మ మూలనుంచి అంటే చాలు, సగం భయం తీరుతుంది. ఆ మాట చెప్పే మనిషి లేని ఇంట్లో అవే దద్దుర్లు తల్లికి రెండు రాత్రులు నిద్ర లేకుండా చేస్తాయి.

మాది కోడేరు. ఇప్పుడు నాగర్‌కర్నూలు జిల్లా. 2016కు ముందు మహబూబ్‌నగర్ జిల్లాలో ఉండేది. నేను కళాశాలలో తెలుగు చెబుతాను, మావారు బడిపంతులు. ఇంట్లో అత్తమ్మ, మామయ్య ఉన్నారు. అత్తమ్మకు ఇరవయ్యేళ్లుగా షుగరు. దానికి తోడు ఎడమ పాదం మీద ఒక మొండి పుండు. మామయ్యకు మునుపొకసారి పక్షవాతం వచ్చి కుడిచేయి పట్టు తప్పింది. ఇట్టి ఇంటికి 2025 శ్రావణమాసంలో రెండేళ్ల నాలుగు నెలల ఆడపిల్ల నడిచి వచ్చింది. దాని పేరు ఇక్కడ రాయను. తన కథ ఎవరికి చెప్పాలో, ఎంత చెప్పాలో పెద్దయ్యాక అదే చూసుకుంటుంది.

ఆడపిల్లను దత్తు తీసుకోవడం మన పెద్దలకు అలవాటు లేని పని. నందపండితుడు దత్తకమీమాంసలో కూతురినీ దత్తత చేసుకోవచ్చునని వాదించాడు గాని, న్యాయస్థానాలు ఆ మాట చెవిన పెట్టలేదు. రోమపాదుడు శాంతను, కుంతిభోజుడు పృథను పెంచుకున్న కథలు మనకు కంఠతా వచ్చు. చట్టానికి మాత్రం రాలేదు! 1956లో వచ్చిన హిందూ దత్తత చట్టంతో గాని ఆ తలుపు తెరుచుకోలేదు. శిశుగృహంలోని బిడ్డను తెచ్చుకోవడం వేరే మార్గం. అది 2015 నాటి బాలల న్యాయ చట్టం కింద, కారా అనే కేంద్ర సంస్థ ద్వారా జరుగుతుంది. దరఖాస్తు పెట్టాలి, సంఘసేవిక ఇంటికి వచ్చి విచారించాలి, ఆపైన వరుస వచ్చేదాకా ఎదురు చూడాలి. మాకు మూడేళ్లు దాటింది. పూర్వం కోర్టు ఇచ్చే ఉత్తర్వును 2022 సెప్టెంబరు నుంచి జిల్లా కలెక్టరు ఇస్తున్నారు. రెండునుంచి నాలుగేళ్ల బిడ్డ కావాలంటే దంపతుల వయసులు కలిపి 90 దాటరాదని నియమం. మావి కలిపితే 89. ముప్పైఅయిదు మార్కులతో గట్టెక్కిన విద్యార్థి సంతోషం ఎట్లా ఉంటుందో అన్నేళ్లు పేపర్లు దిద్దిన నాకు ఆనాడు తెలిసింది.

బిడ్డను చూపించేటప్పుడు రెండు నివేదికలు ఇస్తారు. ఒకటి బిడ్డ స్థితిగతులది, రెండోది వైద్యపరీక్షలది. ఆ బిడ్డను మనకని నిలుపుకోవడానికి 48 గంటలు గడువు. ఆ కాగితాలను మన డాక్టరుకు చూపించుకోవచ్చు. మేమూ చూపించాము. బరువు, ఎత్తు, తల చుట్టుకొలత, రక్తపరీక్షలు, టీకాలు అన్నీ రాసి ఉన్నవి. తల్లిదండ్రుల ఆరోగ్యం గురించిన చోట మాత్రం "తెలియదు" అని ఒక్క మాట. డాక్టరుగారు దానిమీద వేలు పెట్టి, "ఇక్కడ మీరు చేయగలిగింది ఏమీ లేదు. ఈ రోజునుంచి జరిగేది మాత్రం రాసి పెట్టుకోండి" అన్నారు. వచ్చేటప్పుడు దారిలో రెండు వందల పేజీల నోటుబుక్కు కొన్నాను.

ఇక ఇంటి సంగతి. ఉదయం ఐదింటికి అత్తమ్మ వేలు పొడిచి షుగరు చూడడంతో మా రోజు మొదలు. తరువాత ఇన్సులిన్. సూది వేసిన అరగంటలో ఆమె నోట్లో ముద్ద పడాలి, లేదా కళ్లు తిరుగుతాయి. పుండు కడిగి కట్టు కట్టాలి. మామయ్యకు బీపీ మాత్ర. ఇవన్నీ అయ్యేలోపల పిల్ల లేస్తుంది. ఎనిమిదిన్నర బస్సు తప్పితే నా మొదటి పీరియడు పోతుంది. ఇంతమంది రోగుల మధ్యకు పిల్ల ఎందుకని అడిగినవాళ్లున్నారు. ఇంట్లో అందరూ ఆరోగ్యంగా ఉన్నప్పుడే పిల్లలను కనాలంటే మన ఊళ్లో సగం మంది పుట్టి ఉండరు.

పిల్ల మొదటిరోజే నన్ను "అమ్మా" అన్నది. చూడవచ్చిన వాళ్లందరూ కళ్లు తుడుచుకున్నారు. అందులో నా గొప్ప ఏమీ లేదు. శిశుగృహంలో ఆయాలందరినీ అది అమ్మా అనే పిలిచింది. మా వీధిలో పాలు పోసే ఆమెనూ అమ్మా అన్నది. నాకు గుచ్చుకున్నది వేరే సంగతి. అది కింద పడితే ఏడిచేది కాదు. మోకాలు చీరుకుపోయి నెత్తురు కారుతున్నా లేచి, దులుపుకొని, పోయేది. చాలామంది పిల్లలకు కొద్దిమంది ఆయాలున్న చోట పెరిగిన బిడ్డ, ఏడ్చిన ప్రతిసారీ ఎవరూ రారని నేర్చుకుంటుందట. జొన్నరొట్టె ముక్కలు గౌను జేబులో దాచుకునేది. రాత్రి బట్టలు మార్చేటప్పుడు ఎండిన ముక్కలు రాలేవి. వాటిని పారేయవద్దని మామయ్య అన్నారు. "దాచుకోనీ. రేపు కూడా ఉంటదని తెల్వాలె గద." ఆయన మంచం పక్కన ఒక గిన్నెలో రొట్టె ముక్కలు ఎప్పుడూ పెట్టి ఉంచారు. రెండు నెలలకు జేబులు ఖాళీ అయినవి.

అంగన్‌వాడీలో తూచితే సరిగ్గా పది కిలోలు. కార్డు మీది ఆకుపచ్చ పట్టీలో అట్టడుగున. నెలకు రెండున్నర కిలోల బాలామృతం పొట్లం, గుడ్లు అక్కడే ఇచ్చేవారు. టీకాలన్నీ సమయానికి పడి ఉన్నవి; శిశుగృహం వారి పుణ్యం.

కార్తికంలో ఒక రాత్రి జ్వరం వచ్చింది. సాయంత్రం ఒళ్లు వెచ్చగా ఉన్నదనుకున్నది తొమ్మిదింటికి 103కు పోయింది. అప్పుడే అత్తమ్మకు రాత్రి ఇన్సులిన్ వేసి, పళ్లెంలో అన్నం పెడుతున్నాను. మావారి ఒళ్లో ఉన్న పిల్ల ఒక్కసారి బిగుసుకుపోయింది. కళ్లు పైకి తేలినవి, కాళ్లూ చేతులూ కొట్టుకోసాగినవి. కేక విని పక్కింటి పెద్దమ్మ తాళాలగుత్తి పట్టుకొని పరుగెత్తుకు వచ్చింది, చేతిలో ఇనుము పెట్టాలని. ఇంకొకరు ఉల్లిగడ్డ వాసన చూపించమన్నారు. నేను పిల్లను పక్కకు తిప్పి పడుకోబెట్టి గోడగడియారం చూస్తూ కూర్చున్నాను. ఫిట్స్ వచ్చినప్పుడు నోట్లో ఏమీ పెట్టకూడదు, నీళ్లు పోయకూడదు, గట్టిగా అదిమి పట్టుకోకూడదు. చుట్టూ గట్టి వస్తువులు తీసేసి, పక్కకు తిప్పి, ఎంతసేపు వచ్చిందో చూడాలి. రెండు నిమిషాలు పైచిలుకు. ఆ రెండు నిమిషాలలో నేను ఎన్ని మొక్కులు మొక్కానో చెప్పను.

2005 నుంచి నడుస్తున్న 108 బండికి ఫోను చేశాము. బయలుదేరేటప్పుడు గుర్తుకు వచ్చింది, అత్తమ్మ ఇంకా తినలేదని. సూది పడ్డది, కడుపు ఖాళీ. ఆమె "నాకేం గాదు, మీరు పోండి" అంటున్నది. మామయ్య ఎడమచేత్తో పళ్లెం లాగి కలపడం మొదలుపెట్టారు. బండి ఊరు దాటకముందే ఆయన ఫోను: "తిన్నది. నువ్వు బిడ్డను చూసుకో."

ఆసుపత్రిలో డాక్టరమ్మ చిన్నపిల్ల. పరీక్ష చేస్తూ అడిగింది: "ఇంట్లో ఎవరికైనా చిన్నప్పుడు ఇట్లా ఫిట్స్ వచ్చినవా?" మావారు తడుముకోకుండా, "మా చెల్లెలికి వచ్చేవండి" అన్నారు. అని, ఆగిపోయారు. ముగ్గురమూ ఒక క్షణం మాట్లాడలేదు. "పాప మాకు దత్తత. ఆ వివరం తెలియదు" అన్నాను. ఆమె కాగితం మీద అదే రాసి, "తెలిసినా ఈ రాత్రి వైద్యం మారదమ్మా" అన్నది. అంతకన్న చల్లని మాట ఆ రోజున ఎవరు చెప్పినా నాకు ఎక్కేది కాదు.

ఆమె చెప్పినది పదిమంది తల్లులకు పనికివస్తుంది గనుక రాస్తున్నాను. ఆరు నెలలనుంచి ఐదేళ్లలోపు పిల్లలలో కొందరికి జ్వరం ఎక్కేటప్పుడు ఇట్లా మూర్ఛ వస్తుంది. చూడ భయంకరమే గాని, కాసేపట్లో ఆగిపోయే మామూలు రకం మెదడును దెబ్బతీయదు, చదువుకు అడ్డు రాదు. మొదటిసారి వచ్చినప్పుడు డాక్టరు చూచి, మెదడువాపు వంటిది కాదని తేల్చవలసిందే. ఐదు నిమిషాలు దాటినా, ఒకే రోజున మళ్లీ వచ్చినా, బిడ్డ తేరుకోకపోయినా ఆలస్యం చేయరాదు. జ్వరం మందు బిడ్డకు సుఖాన్నిస్తుంది గాని మూర్ఛను ఆపుతుందని చెప్పలేము. ఒకసారి వచ్చిన ముగ్గురిలో ఒకరికి మళ్లీ రావచ్చు. కొన్ని కుటుంబాలలో ఇది ఎక్కువ కనిపిస్తుంది. ఆ ప్రశ్న అందుకే.

తెల్లవారి సూది వేయడానికి నర్సు వచ్చింది. పిల్ల ఏడిచింది. పెద్దగా, ఊరంతా వినేటట్లు ఏడుస్తూ నా కొంగు పట్టుకున్నది. పక్కన నర్సు, ఇంకో ఇద్దరు ఆడవాళ్లు చేతులు చాచారు. వాళ్ల దగ్గరకు పోలేదు. మంచం పక్కన నిలబడి మావారు నవ్వడం చూచి నర్సుకు కోపం వచ్చింది.

ఇంటికి వచ్చాక పరామర్శలు. పక్కింటి పెద్దమ్మ మంచిదే, కష్టానికి ముందు నిలబడే మనిషి. అయినా అన్నది: "ఎవరి రక్తమో ఏమో వదినె, ముందుగాల అడిగి తెచ్చుకోవద్దా?" నేను జవాబు వెతుక్కుంటున్నాను. అత్తమ్మ కట్టు కట్టిన కాలు ముందుకు చాపింది. "మా అమ్మకు షుగర్ లేకుండె. మా నాయినకు లేకుండె. ఏడుగురం పుట్టినం, ఆరుగురికి లేదు. నాకు యాడికెల్లి వచ్చింది? నన్నెవరిని అడిగి తెచ్చుకున్నరు ఈ ఇంటికి?" పెద్దమ్మ మరి మాట్లాడలేదు. వంశపారంపర్యం మీద ఎంత పెద్ద గ్రంథం చదివినా నాకు ఇంత సూటి జవాబు దొరికేది కాదు.

పెంచిన తల్లి అనగానే మనవాళ్లు యశోదను తలుస్తారు. పూతన చచ్చిన తరువాత గోపికలతో కలిసి ఆమె బిడ్డ చుట్టూ ఆవుతోక తిప్పి రక్ష కట్టిన ఘట్టం భాగవతంలో ఉన్నది. దాని ముందు పక్కింటి తాళాలగుత్తి ఎంత? అయితే యశోదకు తాను కనలేదని తెలియదు. తెలిసి పెంచినది రాధ, సూతుని భార్య. ఉద్యోగపర్వంలో కృష్ణుడు జన్మరహస్యం చెప్పి రమ్మన్నప్పుడు కర్ణుడు వంశం చూచి పోలేదు. తనను చూడగానే రాధకు చనుబాలు వచ్చినవనీ, ఆమె తన మలమూత్రాలు ఎత్తిపోసిందనీ, ఆమె పిండం ఎట్లా ఆపగలననీ అన్నాడు. ఈ ఘట్టాన్ని ఏళ్ల తరబడి పాఠం చెప్పాను. విరేచనాలు పట్టుకున్న పిల్లను రాత్రి నాలుగుసార్లు కడిగిన మర్నాడు చెప్పిన పాఠం వేరుగా వచ్చింది; పిల్లలు కూడా గంట కొట్టినా లేవలేదు.

సెలవు మాట ఒకటి. 2017లో సవరించిన ప్రసూతి చట్టం దత్తత తల్లికి 12 వారాల సెలవిచ్చింది గాని, బిడ్డ మూడు నెలల లోపుదై ఉండాలన్నది. బిడ్డను వదులుకున్న తల్లికి మనసు మార్చుకోవడానికే 60 రోజులు గడువు. అది గడిచి, కాగితాలు నడిచి, బిడ్డ చేతికి వచ్చేసరికి మూడు నెలల లోపు ఎంతమంది మిగులుతారు? రెండేళ్ల పిల్లకు కొత్త ఇల్లు ఇంకా ఎక్కువ కష్టం. అది ఉయ్యాల, మనుషులు, భాష అన్నీ విడిచి వస్తుంది. నేను ఉన్న సెలవులన్నీ కూడబెట్టి వాడుకున్నాను.

ఈ తిప్పలన్నీ ఎందుకు, తెలిసిన నర్సింగుహోములో అడిగితే చేతికే ఇస్తారు గదా అని చెప్పినవాళ్లు ఒకరిద్దరు కాదు. అట్లా తీసుకోవడం నేరం. మూడేళ్ల దాకా జైలు, లేదా లక్ష జరిమానా, లేదా రెండూ. దాని మాట అటుంచి, అట్లా వచ్చిన బిడ్డకు ఆ రెండు నివేదికలూ ఉండవు. "తెలియదు" అని నిజాయితీగా రాసిన కాగితం కూడా ఉండదు. జిల్లా బాలల పరిరక్షణ విభాగానికి వెళ్లి అడగండి, దారి చెబుతారు.

బిడ్డ వచ్చాక రెండేళ్ల పాటు ఆరు నెలలకొకసారి వచ్చి చూచిపోతారు. మొన్న మాఘంలో, మామిళ్లు పూత మీద ఉండగా సంఘసేవిక మొదటిసారి వచ్చింది. బరువు ఎంత, నిద్ర పోతుందా, మళ్లీ ఫిట్స్ వచ్చినవా అని అడిగింది. నోటుబుక్కు ఇచ్చాను. ముందునుంచి పిల్లవి: జ్వరం వచ్చిన తేదీలు, పళ్లు వచ్చిన వరుస, ఏ మందుకు ఒళ్లు దురద పెట్టింది, వేరుశెనగ తింటే ఏమీ కాలేదు, ఎడమచేత్తో బంతి విసురుతుంది. ఆమె పేజీలు తిప్పుతుంటే అత్తమ్మ మంచం మీదనుంచి అన్నది: "ఎనకనుంచి నాది సూడమ్మా. నా షుగర్ లెక్క కూడ అండ్లనే ఉన్నది."

రెండు లెక్కలకూ మధ్య ఇంకా నూరు పేజీలు ఖాళీ ఉన్నవి.