వరి పండే సీమలో పోషణలేమి

బెజవాడ నుండి బందరు వెళ్ళే దారిలో పామర్రు చుట్టుప్రక్కల ఎటు చూసినా వరిచేలే కనిపిస్తాయి. ఇటువంటి సీమలో ఆకలి ప్రస్తావన వింతగా తోచవచ్చు. కాని పంట పండటం వేరు, ఆ నేలమీది బిడ్డకు తగిన ఆహారం అందటం వేరు. ఈ భేదాన్ని గ్రహించకుండా చేసే సహాయం సగంలోనే ఆగిపోతుంది.

మొదట కరవు సంగతి చూద్దాం. 1832-33 నాటి నందన కరవులో గుంటూరు సీమలోని 5 లక్షల జనంలో సుమారు 2 లక్షల మంది మరణించారని అంచనా. కృష్ణ ప్రక్కనే పారుతున్నా ఆ నీరు చేలకు ఎక్కే మార్గం లేదు. 1855లో బెజవాడ వద్ద ఆనకట్ట పూర్తయింది. దాని స్థానంలో 1957లో ప్రకాశం బ్యారేజి వచ్చింది. కాలువ నీరు వచ్చిన తరువాత డెల్టా అంతటి కరవును మళ్ళీ చూడలేదు.

అయితే నీరు లేని ఆపద తగ్గినా నీటి వల్ల వచ్చే ఆపద తగ్గలేదు. 1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమను ముంచివేసింది. ప్రభుత్వ లెక్క ప్రకారమే సుమారు 10 వేల మంది మరణించారు. పొలాలకు ఉప్పు పట్టింది. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను బాపట్ల వద్ద తీరం దాటినప్పుడు కోతకు వచ్చిన వరి నీట మునిగింది. ఇటువంటి వేళ కౌలు రైతుకు అప్పు మిగులుతుంది, కూలీకి పని పోతుంది. ఇంట్లో మొదట తగ్గేది పప్పు, పాలు, గ్రుడ్డు. అన్నం చివరి వరకు ఉంటుంది. కనుక ఆ ఇంటి లోటు బయటివారికి కనబడదు.

అన్నంతో కడుపు నిండినా శరీరం క్షీణించవచ్చునని ఈ తీరం పూర్వమే చూసింది. మరబియ్యం వాడుక పెరిగిన కాలంలో ఉత్తర సర్కారు జిల్లాలలో బెరిబెరి వ్యాధి ప్రబలింది. మరలో తవుడుతోపాటు బి విటమిను పోవటమే దానికి కారణం. ఉప్పుడు బియ్యం తినే ప్రాంతాలలో ఆ వ్యాధి అంతగా కనిపించలేదు. ధాన్యాన్ని ఉడికించినప్పుడు ఆ విటమిను గింజలోనికి ఇంకి నిలుస్తుంది.

నేటి పరిస్థితి ఏమిటి? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో అయిదేండ్లలోపు పిల్లలలో 31 శాతం మంది వయసుకు తగిన ఎత్తు పెరగలేదు. స్త్రీలలో సుమారు 59 శాతం మందికి రక్తహీనత ఉంది. 1975లో మొదలైన అంగన్‌వాడీ పథకం, 1983 నాటి రెండు రూపాయల కిలో బియ్యం, 2013 ఆహార భద్రతా చట్టం ఆకలి బాధను నిస్సందేహంగా తగ్గించాయి. కాని చౌక బియ్యం ఒక్కటే రక్తహీనతను పోగొట్టలేదు.

పశ్చిమాఫ్రికాలోని నైజర్ అనుభవం కూడా ఇదే. 2004లో అనావృష్టి, మిడతల దాడి వచ్చి, 2005లో ధాన్యం ధరలు పేదలకు అందకుండా పోయాయి. ఆ దేశానికి ధాన్యాగారం వంటి మరాదీ ప్రాంతంలోనే పసిపిల్లలు పెద్ద సంఖ్యలో కృశించారు. వారిలో అనేకులను బ్రతికించినది వేరుశనగ, పాలపొడి, నూనె, చక్కెర, విటమినులు కలిపిన ముద్ద. వట్టి ధాన్యం ఆ పని చేయలేదు.

కృష్ణా డెల్టాలో అటువంటి బలమైన పంట లేకపోలేదు. సార్వా వరి తరువాత నేలలో మిగిలిన చెమ్మతోనే మినుము, పెసర పండుతాయి. అందులో చాలా భాగం అంగడికే పోతుంది. గింజ పండించిన కూలీ ఇంటికి అది కొని తెచ్చుకునే సరుకు అవుతుంది.

హిజ్రీ 18లో మదీనా ప్రాంతంలో కరవు వచ్చినప్పుడు హజ్రత్ ఉమర్ (రజి) బయటి ప్రాంతాల నుండి ధాన్యం తెప్పించారు. ప్రజలకు దొరకని నెయ్యి, మాంసం తానూ మానుకున్నారని చరిత్రకారులు వ్రాశారు. పేదవాని కంచంలో ఏమి లోపించిందో ఆయన తన కంచంలోనే తెలుసుకున్నారు. పంట మీద ఉష్ర్ చెల్లించే రైతు, సదఖా ఇచ్చే గృహస్థు కూడా ఈ దృష్టితో ఆలోచించాలి. కాలువలు కట్టివేసే వేసవిలో, తుపాను వెళ్ళిన వారాలలో కూలి దొరకదు. ఆ రోజులలో గర్భిణి ఉన్న ఇంటికి, పసిబిడ్డ ఉన్న ఇంటికి బియ్యంతోపాటు మినుములు, పెసలు, గ్రుడ్లు చేరినప్పుడే ఆ దానం ఆకలితోపాటు పోషణలేమిని కూడా తీర్చగలదు.